డోర్ లాక్

తాళం వేసిన ఇంటి ముందు నిలబడి
మిషన్‌లో 'డోర్ లాక్' అని కొట్టడం
ఇరవై రెండేళ్లుగా నా ఉద్యోగం.
బర్కత్‌పురా, నల్లకుంట, తిలక్‌నగర్.
ఏ గేటు వెనక ఏ కుక్కో, దాని పేరేమిటో నాకు తెలుసు.
లోపల మీటరు నడుస్తూనే ఉంటుంది,
నేను చూడలేదు, అంతే.
అంకె దొరకని నెలకు సగటు బిల్లేసి
వచ్చే నెల మళ్లీ వెళ్తాను.
గేటు మీద అలిగితే జీతమెవడిస్తాడు?

ఆ ఓపికంతా
నా నవల దగ్గరికొచ్చేసరికి ఎటు పోతుందో.

మూడొందల ఎనభై పేజీలు.
చాదర్‌ఘాట్ వంతెన కింద గడ్డి కోసి
బర్రెల కొట్టాలకమ్మే చంద్రకళ కథ.
కాచిగూడ పోస్టాఫీసులో విఠల్‌రావు
ఇప్పుడు తూకమే వెయ్యడు.
"కిలో రెండొందలు గదా సార్" అంటాడు,
పాత రోగిని చూసిన కాంపౌండర్‌లా
కవరు మొహం చూసి.

మొదటి ప్రచురణకర్త ఎనిమిది నెలలుంచుకుని
అదే కట్ట, అదే దారంతో తిప్పి పంపాడు.
రెండు చుట్లు, మూడు పీటముళ్లు.
నేను వేసినవే.
విప్పనే లేదు.

రెండో ఆయన మంచివాడు, చాయ్ తెప్పించాడు.
"భాష బాగుంది, కానీ ఈ మూసీ కంపును
నాలుగొందలు పెట్టి ఎవరు కొంటారండీ?"
ఆ వాసన రాయడానికే ఆరేళ్లు పట్టిందని చెప్పబోయి
చాయ్ మీది మీగడ ఊదుకున్నాను.

మూడోది ఢిల్లీ నుంచి.
మా అకౌంట్స్ సెక్షన్ మాధురీలత
మూడు అధ్యాయాలు ఇంగ్లీషు చేసి
ఒక ఏజెంటుకు పంపింది.
బీమాకూ ప్లాట్లకూ తప్ప
నవలలకు కూడా ఏజెంట్లుంటారని
అప్పటిదాకా నాకు తెలీదు.
పన్నెండు వారాలకు రెండు లైన్లు:
ఈ నవలతో ప్రేమలో పడలేకపోయానని.
పడమన్నానా తల్లీ,
చదవమన్నాను గానీ.

ఆ రాత్రి అన్నం పెడుతూ
అండాలు ఏమీ అడగలేదు.
అడగకపోవడం కూడా ఒక కూరే,
రోజూ అదే వండితే సహించదు.
"మళ్లొచ్చిందా" అంది చివరికి.
"వచ్చింది."
"పోనీలే, ఇల్లు మరిచిపోకుండా వస్తోంది,"
పచ్చడి గిన్నె ముందుకు తోసింది.
నవ్వొచ్చింది. తర్వాత
మిద్దెక్కి, నీళ్ల ట్యాంకు వెనక
చాలాసేపు
నవ్వులాంటిదేదో చేశాను.

ఆదివారం చిక్కడపల్లి వెళ్లాను,
మూసీని కాస్త తగ్గించి
కొత్త కాపీ తీయిద్దామని.
మెట్ల కింద గది, రెండు కంప్యూటర్లు,
గోడ నిండా పెళ్లికార్డుల నమూనాలు.
నవలంతా టైపు చేసింది జబీన్,
పేజీకి పదిహేను రూపాయలు.
ఆమె చేతిలో తప్పు దొర్లదు,
ఒక్క రెండొందల పదకొండో పేజీలో తప్ప.
అందులో మాత్రం పదిహేడు.
ఒత్తులు జారి, దీర్ఘాలు తెగి,
చంద్రకళ ఒకచోట చంద్రకల అయి.
ముందు అది దిద్దమన్నాను, కొంచెం విసుగ్గానే.

జబీన్ స్క్రీన్ వైపే చూస్తూ
"ఆ పేజీల పిల్ల పోతది గదా సార్" అంది,
"అక్షరాలు కనవడలే."

బయట ఎవరో
షాపు ఓపెనింగ్ ఫ్లెక్సీకి బేరమాడుతున్నారు.
ఫ్యాను ఒక రెక్క వంకరగా తిరుగుతోంది.
ఏమనాలో తోచక
ఎంతయింది అన్నాను.
"ఏం చెయ్యనిదానికి ఎంతేంది సార్."

ఇవాళ పొద్దున విఠల్‌రావు అడ్రసు చదివి
"ఈసారి విజయవాడనా" అన్నాడు.
మూసీ అట్లనే ఉంది.
పదిహేడు తప్పులూ అట్లనే ఉన్నాయి.
ముడి మాత్రం మార్చాను,
కొస పట్టి లాగితే ఊడే జారుముడి.

అక్కణ్నుంచి నల్లకుంట, నాలుగో గల్లీ.
చివరింటికి మళ్లీ తాళం.
గోడ మీంచి తొంగి చూస్తే
మెట్ల కింద మీటరు ఎర్రలైటు కొట్టుకుంటోంది.
అంకె అందలేదు.
'డోర్ లాక్' అని కొట్టి
పక్కింటి కుక్కను పేరు పెట్టి పిలిచాను.